యానిమేషన్ నేర్చుకోవడానికి మూడు లక్షల కంప్యూటరు కావాలా?

ముందే చెప్పేస్తున్నాను, నా సమాధానం "అక్కర్లేదు". ఇప్పుడిప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లల చేత అంత ఖరీదైన ల్యాప్‌టాపు కొనిపించడం మోసానికి ఒక మెట్టు మాత్రమే తక్కువని నా అభిప్రాయం. నేను యానిమేటర్ని కాదు. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే ఇంజనీరింగులో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇష్టపడి చదివిన కొద్దిమందిలో ఒకణ్ణి, ఆదివారాలు బ్లెండరుతో కుస్తీ పడుతుంటాను. కంప్యూటరు లోపల ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలుసు కాబట్టి ఈ మాత్రం మాట్లాడొచ్చనుకుంటున్నాను.

ఈ గొడవంతా మా చిన్నమ్మ కొడుకు వల్ల వచ్చింది. వాళ్ళది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఇంటర్ అయిపోయింది. 2025 జూలైలో "మహావతార్ నరసింహ" వచ్చినప్పుడు రెండుసార్లు చూశాడట. హీరోలెవరూ లేని బొమ్మల సినిమాకి అన్ని ఊళ్ళల్లో జనం కదిలారు, అందులోనూ మాది యాదగిరిగుట్ట నర్సింహస్వామి పేరు పెట్టుకున్నవాళ్ళు వీధికి నలుగురుండే జిల్లా. "అన్నా, నేను ఇదే చేస్తా" అన్నాడు. మంచిదే. హైదరాబాదులో ఏదో ఇన్‌స్టిట్యూటుకి పోయి కనుక్కుంటే ఫీజు కాగితంతో పాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెట్టారు. అందులో ఒక గేమింగ్ ల్యాప్‌టాపు, మోడల్ నంబరుతో సహా. ఏ షాపులో కొనాలో కూడా వాళ్ళే చెప్పారు. ఆ రాత్రి చిన్నాయన ఫోను. "బిడ్డా, మూడు లచ్చలంట. వడ్లమ్మిన పైసలు కొన్ని ఉన్నయి, మిగిలింది మిత్తికి తేవాలె. గంత అవసరమేనా?"

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతుకి మూడు లక్షలంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు. అందుకని ఆ కాగితాన్ని ముందేసుకుని కూర్చున్నాను.

త్రీడీ యానిమేషన్ అంటే ఒక పని కాదు, అయిదారు పనులు. మొదట ఆకారం తయారుచెయ్యాలి (మోడలింగు). దానికి రంగూ గరుకుదనం అద్దాలి (టెక్స్చరింగు). లోపల ఎముకల గూడు పెట్టాలి (రిగ్గింగు). ఆ తర్వాత కదిలించాలి, అసలు యానిమేషన్ ఇదే. ఆపైన దీపాలు పెట్టాలి, చివర్న రెండరింగు. మొదటి నాలుగు పనుల్లో కంప్యూటరు ఎక్కువ సేపు మీ చెయ్యి కదిలేదాకా ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చుంటుంది. అక్కడ కావల్సింది ప్రాసెసరులో ఒక్కొక్క కోరు వేగంగా ఉండటం, సరిపడా ర్యాము, మధ్యలో బటను ఉన్న మంచి మౌసు. (మౌసు సంగతి జోకు కాదు. త్రీడీలో బొమ్మని తిప్పి చూడ్డానికి ఆ మధ్య బటనే ఆధారం. ల్యాప్‌టాపు టచ్‌ప్యాడు మీద మోడలింగు చేసేవాణ్ణి చూస్తే జాలేస్తుంది.) గ్రాఫిక్స్ కార్డు చెమటోడ్చేది చివరి రెండు పనుల్లోనే. కుర్రాడు మొదటి ఏడాదంతా చేసేది బంతిని ఎగరెయ్యడం, పిండిమూట కింద పడెయ్యడం, మనిషిని నడిపించడం. బంతి బరువుగా పడుతోందా తేలిగ్గా పడుతోందా అన్నది కార్డు చెప్పదు, కన్ను చెప్పాలి. దానికి లక్షన్నర కార్డెందుకు?

"మరి రెండరింగు సంగతేంటి?" అంటారు. అదీ చూద్దాం. మన ఊళ్ళ నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను, ఎందుకంటే ఈ రెండూ అర్థమైతే హార్డువేరు ఎంపికలో ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

నల్గొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతుంటే నీడ ఎట్లా కదలకుండా ఉంటుందని చిన్నప్పుడు అందరం నోరెళ్ళబెట్టి చూసినవాళ్ళమే. విషయం ఏమిటంటే అక్కడ నేరుగా ఎండ పడదు. మండపం పక్కల నుంచి చెదిరి, రాళ్ళ మీద పడి లేచి లోపలికొచ్చే వెలుతురే ఆ నీడ వేస్తుంది. సూర్యుడు ఎక్కడున్నా ఆ వెలుతురొచ్చే దారి మారదు, కాబట్టి నీడా మారదు. ఇప్పుడీ గుడిని త్రీడీలో కట్టి రెండర్ చెయ్యమన్నారనుకోండి. ఆటల్లో వాడే రకం వేగం లెక్కలు (బ్లెండరులో ఈవీ అనేది ఈ రకం) దీపం నుంచి నేరుగా పడే వెలుతురుని బాగా చూపిస్తాయి, ఇట్లా గోడల మీద నాలుగుసార్లు పడి లేచే వెలుతురు దగ్గర తడబడతాయి. సైకిల్స్, ఆర్నాల్డ్ లాంటివి ఒక్కొక్క కిరణాన్నీ వెంటాడుకుంటూ పోతాయి. చీకటి గదిలోకి సన్నటి దారిలోంచి వచ్చే వెలుతురు వీటికి అన్నిటికన్నా కష్టమైన పని. తక్కువ కిరణాలు వేస్తే బొమ్మంతా ఇసక చల్లినట్టు ఉంటుంది. ఎక్కువ వేస్తే గంటలు పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేగం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడ.

లెక్క చూడండి. సెకనుకి 24 ఫ్రేములు. పది సెకన్ల షాటుకి 240. ఫ్రేముకి అయిదు నిమిషాలు పడితే 1200 నిమిషాలు, అంటే ఇరవై గంటలు. నిమిషంన్నర పడితే ఆరు గంటలు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. ఆ తేడా తెచ్చేది మంచి కార్డే, కాదనను. కానీ కిరణాల సంఖ్య ఎక్కడ తగ్గించొచ్చో, ఇసకని తుడిచేసే డీనాయిజరు ఎప్పుడు వాడాలో తెలిసినవాడు పాత కార్డు మీదే అదే తేడా తేగలడు. ఆ తెలివి మూడు లక్షల ల్యాప్‌టాపుతో పాటు డబ్బాలో పెట్టి ఇవ్వరు.

రెండో ఉదాహరణ పాలమూరు పిల్లలమర్రి. మూడెకరాల దాకా పరుచుకున్న మర్రిచెట్టు. (2018లో చెదలు పట్టి, కొమ్మలకి సెలైన్ బాటిళ్ళు కట్టి మందెక్కించారు, గుర్తుందా?) దాన్ని త్రీడీలో పెట్టాలి. పది లక్షల ఆకులనుకుందాం, ఆకుకి 200 త్రిభుజాలు. ప్రతి ఆకునీ విడివిడిగా కాపీ చేసుకుంటూ పోతే 20 కోట్ల త్రిభుజాలు. మామూలు కార్డు మెమరీ అక్కడికక్కడే చేతులెత్తేస్తుంది. అదే ఒక్క ఆకుని మెమరీలో ఉంచి, "ఇదే ఆకుని ఇక్కడ, ఇటు తిప్పి, ఇంత సైజులో పెట్టు" అని పది లక్షల చిరునామాలు మాత్రం రాసిస్తే? ఒక్కో చిరునామాకి 16 సంఖ్యలు, 64 బైట్లు. మొత్తం 64 ఎంబీ! దీన్ని ఇన్‌స్టెన్సింగు అంటారు. 8 జీబీ కార్డుకీ 24 జీబీ కార్డుకీ మధ్య ఉన్న తేడా కంటే ఈ ఒక్క ముక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా ఎక్కువ.

అయినా కార్డు మెమరీ ముఖ్యమే. 4కే టెక్స్చరు ఒకటి కుదించకుండా పెడితే 64 ఎంబీ. ఒక పాత్రకి ఇట్లాంటివి ఇరవై ఉంటే 1280 ఎంబీ, ముగ్గురు మనుషుల్ని నిలబెడితే అక్కడికే నాలుగు జీబీకి దగ్గర. మెమరీ చాలకపోతే కార్డు కంప్యూటరు ర్యాము అరువు తెచ్చుకుని నత్తనడక నడుస్తుంది, లేదంటే పని మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఈ పనికి కార్డు కొనేటప్పుడు మోడలు ఎంత కొత్తది అని కాకుండా మెమరీ ఎంత అని ముందు అడగాలి. 2021లో వచ్చిన ఆర్టీఎక్స్ 3060లో 12 జీబీ ఉన్న రకం దొరుకుతుంది. దాని తర్వాత 2023లో వచ్చిన 4060లో ఉన్నది 8 జీబీ. రెండోది వేగమే, కానీ పెద్ద సీను పట్టదు. ఆటలాడుకునేవాడు రెండోది కొనాలి, మనవాడు మొదటిది కొనాలి. డబ్బులుంటే 16 జీబీ ఉన్న 5060 టీఐ. ఎన్విడియా కంపెనీ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, ధరలు చూస్తే కోపం కూడా. కానీ రెడ్‌షిఫ్ట్, ఆక్టేన్ లాంటి రెండరర్లన్నీ ముందు వాళ్ళ కార్డుల కోసం పుట్టినవే, బ్లెండరు కూడా వాటి మీద బాగా పరిగెడుతుంది. ఈ ఒక్క విషయంలో ఎదురీదడం దండగ.

ఇహ ల్యాప్‌టాపు సంగతి. నాకు అసలు మంట ఇక్కడే. ల్యాప్‌టాపు మీద అంటించే స్టిక్కరులో పేరు ఒకటే ఉంటుంది, లోపల సరుకు వేరు. డెస్కుటాపు 4090లో 24 జీబీ ఉంటే ల్యాప్‌టాపు 4090లో 16. డెస్కుటాపు 4070లో 12 ఉంటే ల్యాప్‌టాపు 4070లో 8. కరెంటు కూడా తక్కువే తీసుకోనిస్తారు, లేకపోతే పలుచటి డబ్బాలో వేడికి మాడిపోతుంది. ఆపైన మనది నల్గొండ. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, ఏసీ లేని గదిలో, ఆరు గంటల రెండరింగు పెడితే ఆ ల్యాప్‌టాపు తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే మూడు లక్షలు పోసి కొన్న వేగంలో కొంత ఎండాకాలం తినేస్తుంది. రేపు ఫ్యాను పోతే? డెస్కుటాపుకైతే మిర్యాలగూడలోనే ఎవరో ఒకరు గంటలో మార్చేస్తారు. ల్యాప్‌టాపైతే హైదరాబాదు సర్వీసు సెంటరు, వారాలు, "పార్టు రావాలి సార్". రెండేళ్ళ తర్వాత కార్డు మార్చుకోవాలన్నా ల్యాప్‌టాపులో కుదరదు.

కాబట్టి అసెంబుల్డ్ డెస్కుటాపు. సికింద్రాబాదు సీటీసీకి ఒక పూట పోతే సరిపోతుంది. నాలుగు షాపుల్లో కాగితం మీద రాయించుకోవాలి, మొదటి షాపులో కొనకూడదు. ఆరు కోర్లో ఎనిమిది కోర్లో ఉన్న మధ్యరకం ప్రాసెసరు, 32 జీబీ ర్యాము (స్లాట్లు రెండు ఖాళీగా ఉండేట్టు చూసుకోవాలి), 1 టీబీ ఎన్‌వీఎంఈ, 12 జీబీ కార్డు, రంగులు సరిగ్గా చూపించే ఐపీఎస్ మానిటరు. 2025 చివర్నుంచి ర్యాము ధరలు మండిపోతున్నాయి, ఏఐ డేటా సెంటర్లు ఉన్నదంతా ఊడ్చుకుపోతున్నాయి మరి. అయినా నా లెక్క ప్రకారం లక్షా పాతిక వేలకి అటూ ఇటూగా తెగుతుంది. సెకండ్‌హ్యాండు కార్డు జోలికి తెలిసినవాడు పక్కన లేకుండా పోవద్దు. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారి కార్డులతో తవ్వుకోవడం ఆగిపోయాక, రాత్రింబగళ్ళు అరగదీసిన కార్డులు బోలెడన్ని సంతలోకొచ్చాయి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పీనాసితనం పనికిరాదు. అందరూ డబ్బులు మిగిల్చేది అక్కడే, మిగతావన్నీ కాలిపోయేది కూడా దాని వల్లే. మంచి కంపెనీది 650 వాట్లది తీసుకోవాలి. ఊళ్ళో ఇంటికి ఎర్తింగు ఉందో లేదో ముందు చూపించాలి, చాలా ఇళ్ళల్లో మూడో పిన్ను అలంకారానికే ఉంటుంది. షాపువాడు ఉచితంగా ఇస్తానన్న 600 వీఏ యూపీఎస్సు సుమారు 360 వాట్లు మాత్రమే మోస్తుంది, రెండరింగు మధ్యలో కరెంటు పోతే దానికదే చచ్చిపోతుంది. 1 కేవీఏకి తక్కువ వద్దు. అది కూడా ఫైలు సేవ్ చేసుకుని ఆపుకోవడానికే, పని చేసుకోవడానికి కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి. రెండర్ చేసేటప్పుడు నేరుగా వీడియో ఫైలుగా చెయ్యకూడదు. ఒక్కొక్క ఫ్రేమునీ విడి బొమ్మగా రాయించాలి. 187వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే బొమ్మలుగా రాసినవాడు 187 నుంచి మొదలుపెడతాడు, వీడియోగా రాసినవాడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఈ ముక్క ఆ ఇన్‌స్టిట్యూటు కాగితంలో లేదు. పవర్‌కట్లు లేని ఊళ్ళో రాసుంటారు :)

ఇక సాఫ్టువేరు. ఆ కాగితంలో మాయా అని పెద్దక్షరాల్లో ఉంది. హైదరాబాదు స్టూడియోల్లో పాత్రల యానిమేషనుకి మాయా అడుగుతారన్నది నిజమే, దాన్ని కాదని పిల్లాణ్ణి తప్పుదోవ పట్టించను. అయితే మొదటి రోజు నుంచీ మాయానే కావాలా? 1998లో వచ్చిన మాయాని 2006లో ఆటోడెస్కు కొనుక్కుంది. 2016 నుంచి శాశ్వత లైసెన్సు అమ్మడం మానేసి, ఏడాదికేడాది అద్దె కట్టమంది. చదువుకునేవాళ్ళకి మాత్రం ఉచితంగా ఇస్తుంది, చదివే సంస్థకి అర్హత ఉంటే. ఇన్‌స్టిట్యూటులో చేరేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మీ దగ్గర నాకు విద్యార్థి లైసెన్సు వస్తుందా? దానికి "అదంతా మేం వేసిస్తాంలే" అనే జవాబు వస్తే క్రాకు వేసిస్తారని అర్థం. అప్పు చేసి ఫీజు కట్టించుకుని దొంగ సాఫ్టువేరు మీద చదువు చెప్పడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు. క్రాకుతో పాటు వచ్చే వైరస్సు ఆరు నెలల పనిని మింగేస్తే ఎవరినడగాలి?

బ్లెండరు పూర్తిగా ఉచితం. 2002లో దాన్ని నడిపే కంపెనీ మూతపడితే, టోన్ రోజెందాల్ అనే ఆయన జనం దగ్గర లక్ష యూరోలు ఏడు వారాల్లో పోగుచేసి, కోడుని కొని అందరికీ వదిలేశాడు. చాలాకాలం పాటు దాన్ని పిల్లల బొమ్మలాగే చూశారు. 2019లో 2.80 వచ్చాక ఆ మాట తగ్గింది. 2025 మార్చిలో ఆ మాట పూర్తిగా పోయింది, లాట్వియా దేశపు "ఫ్లో" సినిమాకి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కారొచ్చినప్పుడు. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దాన్ని బ్లెండరులో చేశాడు, అదీ పైన చెప్పిన ఈవీతోనే రెండర్ చేశాడు. పెద్ద రెండర్ ఫారం ఏమీ లేకుండా. పిల్లి, నీళ్ళు, అడవి. మాటలు కూడా ఉండవు. ఛాయా సోమేశ్వరంలాంటి చీకటి గదిని కచ్చితంగా చూపించలేని ఈవీతో, తన కథకి ఏ వెలుతురు చాలునో తెలుసుకుని పని కానిచ్చుకున్నాడు.

ఒక సాఫ్టువేరునే నమ్ముకోవద్దనడానికి మన హైదరాబాదులోనే సాక్ష్యం ఉంది. రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇక్కడ పెద్ద స్టూడియో ఉండేది. "లైఫ్ ఆఫ్ పై"లో పులిని చేసిన కంపెనీ. వాళ్ళు యానిమేషనుకి వాడింది సొంతంగా రాసుకున్న వూడూ. 2013 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకి ఆస్కారొచ్చింది. బయట ఇంకెక్కడా వాడని సాఫ్టువేరు మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు వేరే చోటికి పోతే మీటలన్నీ కొత్తగా నేర్చుకోవాల్సిందే. పులి ఎట్లా నడుస్తుందో తెలిసినవాళ్ళు కాబట్టి నేర్చుకోగలరు. ఒకప్పుడు "జురాసిక్ పార్క్"కి వాడిన సాఫ్టిమేజ్‌ని 2014లో ఆటోడెస్కు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మీట ఎక్కడుందో నేర్చుకోవడం మూడు నెలల పని. కాబట్టి నేను తమ్ముడికి చెప్పింది: ఏడాది బ్లెండరు, తర్వాత విద్యార్థి లైసెన్సు మీద మాయా. ఎడిటింగుకి డావిన్చి రిజాల్వ్ ఉచిత రకం, బొమ్మలు గియ్యడానికి క్రిటా. పెద్ద షాటు సొంత కంప్యూటరు మీద తెమలకపోతే షీప్‌ఇట్ ఉంది, ప్రపంచంలో ఎవరెవరి కంప్యూటర్లో కలిసి బ్లెండరు ఫైళ్ళని ఉచితంగా రెండర్ చేసిపెడతాయి. మనం ఖాళీగా ఉన్నప్పుడు మన కంప్యూటరుని వాళ్ళకివ్వాలి. మనూళ్ళో నాట్లప్పుడు బదుళ్ళకి పోయినట్టే.

"ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు, రెండేళ్ళలో ఉద్యోగాలుండవు" అని మా ఆఫీసులోనే ఒకాయన అన్నాడు. నా ఉద్యోగం గురించి కూడా అదే అంటున్నారు. రేపేమవుతుందో తెలియనప్పుడు మూడు లక్షలు మిత్తికి తేవడం కంటే లక్షా పాతిక వేలతో మొదలుపెట్టడమే నయం కదా, ఆ వాదన కూడా నావైపే నిలుస్తుంది.

ఆ లక్షా పాతిక వేలు కూడా లేని ఇళ్ళు దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు, నారాయణపేట వైపు ఎన్నో ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగు కోసం ఇమేజ్ పాలసీ అని ప్రకటించింది. 2023లో నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఐటీ టవర్లు తెరిచారు. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరులో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. ఒక్కోచోట ఒక గది, 12 జీబీ కార్డులున్న పది డెస్కుటాపులు, బ్లెండరు, ఒక పెద్ద యూపీఎస్సు. పగలు పిల్లలు పనిచేసుకుంటారు, రాత్రి ఆ పదీ కలిసి రెండర్ చేస్తాయి. పైన వేసిన లెక్కలో ఇరవై గంటల షాటు పది కంప్యూటర్ల మీద రెండు గంటల్లో అయిపోతుంది. మొత్తం ఖర్చు చిన్నాయనకి చెప్పిన ల్యాప్‌టాపులు అయిదో ఆరో కొన్నంత.